పద్నాలుగో క్లాజు, ఏడు శాలువాలు

గల్ఫ్ దేశాల్లోని తెలుగువారి మధ్య బ్రోకర్ల వ్యవస్థను జూన్ ఒకటో తేదీ నుంచి సంపూర్ణంగా రద్దు చేస్తున్నట్టు గల్ఫ్ తెలుగు ప్రవాసీ మహాసమాఖ్య విశ్వ అధ్యక్షులు శ్రీ కొత్తూరి గణపతి గారు మస్కట్‌లో ప్రకటించారు. ఇకమీదట తెలుగువాడు గది వెతుక్కున్నా, షాపు అద్దెకు తీసుకున్నా మధ్యవర్తికి ఒక్క బైసా కమీషను ఇవ్వనక్కర్లేదని ఆయన స్పష్టం చేశారు. పాత బాకీలకు కూడా ఈ నిర్ణయం వర్తిస్తుందని ఒక ప్రశ్నకు జవాబుగా చెప్పారు. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను అక్కడే ఉన్నాను.

ఆ వార్త రాసి పంపింది కూడా నేనే. మస్కట్‌లోని హమ్రియాలో నాకొక టైపింగ్ సెంటర్ ఉంది. వీసా ఫారాలు, అద్దె అగ్రిమెంట్లు, సెలవు లెటర్లు టైపు చేస్తాను. ఖాళీ దొరికినప్పుడు మన పత్రిక గల్ఫ్ పేజీకి వార్తలు పంపుతాను. అందరూ నన్ను రైటర్ సాబ్ అంటారు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడి పెద్దమనుషులను దగ్గర నుంచి చూస్తున్నాను. బ్రోకరుకు కమీషను ఎగ్గొట్టాలంటే మామూలు మనిషి ఏం చేస్తాడు? ఫోన్ ఎత్తడు. ఎదురుపడితే పక్క సందులోకి తిరుగుతాడు. గణపతి గారు అలాంటి చిల్లర పనులు చెయ్యరు. ఒక్క బ్రోకరుకు తొమ్మిది వందల రియాళ్ళు ఇవ్వాల్సి వస్తే మొత్తం బ్రోకర్ల జాతినే రద్దు చేశారు. నాయకుడికీ మనకీ తేడా అక్కడే తెలుస్తుంది.

గణపతి గారిది జగిత్యాల వైపు. పాతికేళ్ళ కింద సైట్‌లో ఇనుప చువ్వలు కట్టే పనికి వచ్చి, ఇప్పుడు కంపెనీలకు లేబర్‌ను సప్లై చేస్తున్నారు. మహాసమాఖ్య అంటే ఒక వాట్సాప్ గ్రూపు. అందులో మూడు వందల పన్నెండు మంది ఉన్నారు. గణపతి గారు తప్ప మిగతా అందరూ దాన్ని మ్యూట్‌లో పెట్టుకున్నారు. జూన్ ఇరవై నాలుగున మన మంత్రి గారు మస్కట్ వస్తున్నారని తెలియగానే, ఆయన చేత ప్రారంభం చేయించడానికి ఏదో ఒకటి ఉండాలని గణపతి గారికి తోచింది. అలా పుట్టిందే ప్రవాసీ భవన్. "కష్టమొచ్చిన కార్మికుడు తట్టడానికి ఒక తలుపు ఉండాలె" అని ఆయన పిలుపునిచ్చారు. తలుపు కోసం లేబర్ క్యాంపుల్లో తలా ఐదు రియాళ్ళు చందా వసూలైంది.

తగిన తలుపును ఊళ్ళోనే అజైబా పేటలో వెతికి పెట్టినవాడు నసీరుద్దీన్. కడప మనిషి. ఇరవై ఆరేళ్ళుగా మస్కట్‌లో షాపులు చూపించి బతుకుతున్నాడు. మే నెల ఎండలో గణపతి గారిని వెంటబెట్టుకుని పదకొండు షాపులు చూపించాడు. పన్నెండోది నచ్చింది. టైర్ల షాపుకీ కర్టెన్ల షాపుకీ మధ్య అద్దాల తలుపులున్న షోరూం. దాని యజమాని ఒమానీ పెద్దాయన, అందరం ఆయన్ని అర్బాబ్ అంటాం. కార్మికుల కోసమని నసీరుద్దీన్ బతిమాలితే అద్దె తగ్గించాడు. ఐదేళ్ళ లీజు, నెలకు తొమ్మిది వందల రియాళ్ళు. ఇక్కడి రివాజు ప్రకారం బ్రోకరుకు ఒక నెల అద్దె కమీషను.

కమీషను అగ్రిమెంటు నా దగ్గరే టైపయింది. మామూలుగా ఇది ఒక పేజీ కాగితం. గణపతి గారు ఒప్పుకోలేదు.

"రైటర్ సాబ్, మనది విశ్వ సమాఖ్య. కాయితం ఇంటర్నేషనల్ లెవల్ల ఉండాలె. జెర మందంగ కొట్టు" అన్నారు.

మందంగా కావాలంటే నెట్‌లో వెతకాల్సిందే. అమెరికాలో ఎక్కడో కమర్షియల్ బిల్డింగుల బ్రోకర్లు వాడే ఫారం దొరికింది. పన్నెండు పేజీలు. పేర్లు మార్చాను. స్టేట్ అన్న ఖాళీలో మస్కట్ అని నింపాను. కౌంటీ, అంటే వాళ్ళ జిల్లా, అన్న ఖాళీలో హమ్రియా అని నింపాను. ఆ విధంగా ఒమాన్ దేశంలో హమ్రియా కౌంటీ ఏర్పడింది. దానికి నేను ఎలాంటి సన్మానమూ కోరలేదు.

గణపతి గారు ఫోటోగ్రాఫరు లేకుండా సంతకం పెట్టరు. ఆ రోజు సంతకానికి ఒక నిమిషం, ఫోటోలకు నలభై నిమిషాలు పట్టింది. తొమ్మిదో పేజీ తెరిచి, ఒక పేరా మీద వేలు పెట్టి, కనుబొమలు ముడిచారు. "అగ్రిమెంటును క్షుణ్ణంగా పరిశీలిస్తున్న విశ్వ అధ్యక్షులు" అని ఆ ఫోటో గ్రూపులో పెట్టారు. తర్వాత నసీరుద్దీన్‌కు శాలువా కప్పారు. అది మొదటిది. కమీషను అడగడానికి ఒకసారి వెళితే రెండోది, ఇంకోసారి వెళితే మూడోది కప్పారు. అప్పటికి ఎండ నలభై నాలుగు డిగ్రీలు.

రద్దు వార్త అచ్చయిన రోజే నసీరుద్దీన్ మా సెంటర్‌కు వచ్చాడు.

"ఏందప్పా రైటర్ సాబ్, నన్ను రద్దు చేసినారంట. నువ్వే రాసినావంట గదా" అన్నాడు.

"రాశాను నసీర్ భాయ్. మీ పేరు మాత్రం రాయలేదు."

"రాసింటే బాగుండు. రద్దయినోళ్ళకు పింఛనేమన్నా ఉండాదేమో అడిగేవాణ్ణి."

నవ్వుతూనే అన్నాడు కానీ కుర్చీలో కూలబడ్డాడు. ముప్పయ్యో తేదీకి అతని వీసా అయిపోతోంది. వయసు దాటిందని వీసా ఇచ్చిన కంపెనీ మళ్ళీ రెన్యూ చెయ్యనంది. ఆ రోజు విమానం ఎక్కాల్సిందే, ఎక్కాక ఇక్కడి బాకీని కడప నుంచి వసూలు చెయ్యడం ఎవరి తరమూ కాదు. ఆ తొమ్మిది వందలు అతను దేనికి పెట్టుకున్నాడో నాకు తెలుసు. భార్య సఫూరా ఇంట్లో మిషను మీద బురఖాలు కుడుతుంది. కడపలో ఏడు రోడ్ల దగ్గర కుట్టు షాపు పెట్టడానికి ఒక చిన్న గది చూసుకుంది. గది ఆసామి అడ్వాన్సు కోసం నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ చేసింది. వాళ్ళింట్లో మాట ఉర్దూ, కోపం మాత్రం తెలుగు. ఆ రోజు తెలుగులోనే, నాకూ వినిపించేంత గట్టిగా మాట్లాడింది.

"ఇచ్చినాడా?"

"ఇస్తాడంటలే."

"ఎన్ని శాలువాలైనాయి?"

"మూడు."

"ఇరవయ్యారేండ్లు ఊరందరికీ షాపులు చూపించినారు. నాకు ఒక్కటి చూపియ్యండి చాలు" అని పెట్టేసింది.

నసీరుద్దీన్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత సంచిలో నుంచి అగ్రిమెంటు తీసి, తొమ్మిదో పేజీ నా ముందు పెట్టాడు. "దీంట్లో పద్నాలుగు అని ఏందో ఉండాది. చదువు" అన్నాడు.

చదివాను. కమీషను చేతికి అందేదాకా ఆ షోరూం లీజు మీద బ్రోకరుకు హక్కు ఉంటుందట. దాన్ని లీన్ అంటారట. ఇవ్వకపోతే తలుపు మీద నోటీసు అంటించి, కోర్టులో కేసు వేసి, లీజును జప్తు చేయించి, అమ్మించి, తన డబ్బు తాను తీసుకోవచ్చట.

"ఇది నువ్వే గదప్పా టైపు చేసింది?"

"టైపు చేశాను. చదవలేదు. చదవడం వేరే ఛార్జి."

ఇద్దరం కలిసి అజైబాలోని ఒక వకీలు ఆఫీసుకు వెళ్ళాం. అక్కడ అస్రా అని హైదరాబాద్ అమ్మాయి, కాగితాలు అరబిక్‌లోకి మార్చి కేసులు తయారు చేస్తుంది. పన్నెండు పేజీలూ తిప్పి, హమ్రియా కౌంటీ దగ్గర ఆగి, నా వైపు చూసి మళ్ళీ తిప్పింది.

"అంకుల్, ఈ క్లాజు అమెరికాది. ఇక్కడ ఎంతవరకు చెల్లుతుందో కోర్టే చెప్పాలి. కానీ కమీషన్ ఇస్తానని సైన్ చేశారు కదా, అది ఎక్కడైనా బాకీయే" అంది నసీరుద్దీన్‌తో.

"ఎన్నాళ్ళు పడుతుందమ్మా?"

"నెలలు."

"నాకు ఇరవై తొమ్మిది దినాలుండాయి."

అస్రా పెన్ను మూత పెట్టి తీసి, మళ్ళీ పెట్టింది. "అయితే కేసు వేద్దాం, నోటీసు అంటిద్దాం. ఆయనకు ఆ తలుపుతో ఎప్పుడు పని పడుతుందో చూద్దాం. తలుపు అర్బాబ్‌ది కాబట్టి ముందు ఆయన్ని అడగండి" అంది.

అర్బాబ్ మాకు కహ్వా, అంటే వాళ్ళ కాఫీ, పోయించి, ఖర్జూరం పెట్టి, విషయమంతా విన్నాడు. "ఇతను ఎండలో తిరిగాడు, నేను చూశాను. అంటించుకోండి" అన్నాడు వచ్చీరాని హిందీలో. జూన్ ఎనిమిదో తేదీ పొద్దున ప్రవాసీ భవన్ అద్దాల తలుపు మీద అరబిక్‌లోనూ ఇంగ్లీషులోనూ నోటీసు వెలిసింది. కింద కేసు నంబరు, వకీలు ఆఫీసు ముద్ర.

పదింటికి గణపతి గారి ఫోన్.

"రైటర్ సాబ్, గా తొమ్మిదో పేజీ మనం సంతకం పెట్టినంక ఎవడో మధ్యల దూర్చిండు. ఖండన రాయి."

"రాస్తాను సార్. కానీ మీరే గ్రూపులో పెట్టిన ఫోటో ఉంది. పెద్దది చేసి చూస్తే మీ వేలు సరిగ్గా పద్నాలుగో క్లాజు మీదే ఉంది."

"వేలు మంచిగ వచ్చిందా?" అని అడిగారు.

"చాలా బాగా వచ్చింది సార్."

"అయితే ఫోటో ఉండనీ. మనం దీక్షకు కూసుందాం."

బ్రోకర్ల దౌర్జన్యానికి నిరసనగా గణపతి గారు ఆ శుక్రవారం ఆమరణ నిరాహార దీక్ష చేపట్టారు. ఈ దేశంలో రోడ్ల మీద ధర్నాలు కుదరవు. చట్టాన్ని గౌరవించే మనిషి కనుక ఆయన భవన్ లోపలే, ఏసీ కింద, పరుపు వేయించుకుని కూర్చున్నారు. దీక్ష టిఫిన్ తర్వాత తొమ్మిదింటికి మొదలై మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాకా కఠోరంగా సాగింది. పక్కన కూర్చోవడానికి క్యాంపు నుంచి పదిమందిని వ్యానులో తెచ్చారు. అందులో గంగన్న అని నిర్మల్ మనిషి ఒకడు గోడకు ఆనుకుని నీరసంగా ఉన్నాడు.

"ఏం గంగన్నా, పాణం బాగలేదా?" అని అడిగాను.

"నిన్న పొద్దటి సంది ఏం తిన్లేదు సారూ. మెస్ బందు పెట్టిన్రు. ఈ సార్ కంపెనీల్నే డ్యూటీ నాది. జీతం రాలే. ఈడికొస్తే అన్నం పెడ్తరన్నరు, వచ్చిన."

ఆ మాట గణపతి గారి చెవిన పడింది. ఆయన కళ్ళు చెమర్చాయి. "రాసుకో రైటర్ సాబ్. మనోళ్ళు నిన్నటి సందే దీక్షల ఉన్నరు" అన్నారు.

రాసుకున్నాను.

దీక్ష విరమించాలంటే ఎవరో ఒకరు నిమ్మరసం ఇవ్వాలి. ఎవరి మీద దీక్షో వాళ్ళే ఇస్తే పత్రికలో బాగుంటుందని గణపతి గారు నసీరుద్దీన్‌కు కబురు పెట్టారు. కమీషను మాట తేలుతుందేమోనని అతనూ వచ్చాడు. గ్లాసు అందిస్తూ అడిగాడు.

"సార్, నా డబ్బులు?"

"నసీర్ భాయ్, నీకు అన్యాయం చేస్తనా నేను? రద్దయిన బ్రోకర్ల సంక్షేమానికి కొత్త విభాగం పెడుతున్న. దానికి నిన్నే ప్రెసిడెంట్ చేసిన, మొత్తం గల్ఫ్‌కు."

"జీతమెంత సార్?"

"ప్రెసిడెంట్‌కు జీతమేంది, ఇజ్జత్ పోతది."

నాలుగో శాలువా కప్పారు. నసీరుద్దీన్ దాన్ని మడిచి చంకలో పెట్టుకుని బయటికి వచ్చాడు. "ప్రెసిడెంట్‌నైనా కాబట్టి ఒక మాట చెప్తాండా. నోటీసు మాత్రం తీసేది లేదప్పా" అన్నాడు నాతో. అతని గొంతులో అంత గట్టితనం నేను అంతకుముందు వినలేదు. గంగన్నకు పక్క హోటల్లో పరోటాలు కూడా అతనే పెట్టించాడు.

ఇరవై నాలుగో తేదీ రానే వచ్చింది. మంత్రి గారు, ఆయన బావమరిది గారు, మరో ఎనిమిది మంది అధ్యయన బృందంగా విచ్చేశారు. గల్ఫ్ కార్మికుల కష్టాలను అధ్యయనం చెయ్యడానికి వారికి రెండు గంటల వ్యవధి ఉంది. అందులో ముప్పావు గంట భవన్‌కు కేటాయించారు. నోటీసును దాచడానికి గణపతి గారు తలుపంతా పూలదండలు వేలాడదీయించారు. అయితే రిబ్బను కత్తిరించే హడావుడిలో ఒక దండ జారిపోయింది. ఇంగ్లీషు అక్షరాలు, ఎర్ర ముద్ర బయటపడ్డాయి.

"ఏమిటిది గణపతీ?" అని బావమరిది గారు దగ్గరికి వంగారు.

గణపతి గారు రెప్ప కూడా వెయ్యలేదు.

"అమెరికా వాళ్ళ పద్ధతి సర్. కమర్షియల్ ప్రాపర్టీలకు వాళ్ళిచ్చే గుర్తింపు" అన్నారు.

"అమెరికా దాకా వెళ్ళిందా మన పేరు" అని బావమరిది గారు ఆ నోటీసు పక్కన నిలబడి ఫోటో దిగారు. అద్దాలు తట్టి చూశారు. పార్కింగు ఎంత మందికి సరిపోతుందో అడిగారు. నిజాయితీగా చెప్పాలంటే, ఆ రోజు భవన్‌ను అంత శ్రద్ధగా అధ్యయనం చేసింది ఆయన ఒక్కరే.

మంత్రి గారు మాట్లాడుతూ, మధ్యవర్తులు లేని సమాజమే తమ ప్రభుత్వ ధ్యేయమని, గణపతి గారు దాన్ని గల్ఫ్‌లో ముందే సాధించి చూపారని కొనియాడారు. రద్దయిన బ్రోకర్ల విభాగం ప్రెసిడెంట్‌ను వేదిక మీదికి పిలిచి ఐదో శాలువా కప్పారు. నసీరుద్దీన్ మైకు దగ్గరికి వెళ్ళబోయాడు. జాతీయ గీతం మొదలుపెట్టేశారు. చేతులు కిందికి పెట్టుకుని నిటారుగా నిలబడిపోయాడు, పాపం.

మర్నాటి నుంచి భవన్‌కు తాళం. ప్రారంభోత్సవంతో భవన్ పని పూర్తయింది కదా. జీతం విషయంలో లెటర్ రాయించుకుందామని గంగన్న డ్యూటీ మానుకుని వెళ్ళి, గణపతి గారు చెప్పినట్టే తలుపు తట్టాడట. ఒక పూట తట్టి హమ్రియాకు వచ్చాడు. లెటర్ నేను టైపు చేశాను. ఎవరికి అని అడిగితే "గా సార్ కంపెనీకే" అన్నాడు.

ఇరవై ఏడో తేదీన నసీరుద్దీన్ సామాన్లు సర్దుకోవడం మొదలుపెట్టాడు. రూంలో ఇరవై ఆరేళ్ళ సామాను ఒక్క పెట్టెలో పట్టింది, శాలువాలకు ఇంకో సంచి కావాల్సి వచ్చింది. సఫూరా ఆ వారం ఫోన్ చెయ్యలేదు. చేసి తిట్టినా బాగుండేదని అతను నాతో అన్నాడు. "గది ఇంగెవరికో ఇచ్చేస్తాడేమోప్పా. నేను ఏ మొగం పెట్టుకొని దిగేది?" అన్నాడు. టీ తెప్పించాను.

అదే సాయంత్రం గణపతి గారు స్వయంగా మా సెంటర్‌కు వచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"రైటర్ సాబ్, భవన్‌ను జాతికి అంకితం చేస్తున్న" అన్నారు.

"ఏ జాతికి సార్?"

"మంత్రి గారి బావమరిదికి. సూపర్ మార్కెట్ పెడతడంట. నా లీజు వదిలేస్త, అర్బాబ్ ఆయనకు కొత్త లీజు రాస్తడు. మన కార్మికులకు సరుకులు దొరుకుతయి గద, గది సేవ కాదా?"

"మరి అర్బాబ్ ఒప్పుకున్నాడా?"

ముఖంలో వెలుగు కొద్దిగా తగ్గింది. ఆయన చెప్పిన దాని సారాంశం ఇది. అర్బాబ్ కహ్వా పోయించాడు, ఖర్జూరం పెట్టాడు, కలం మాత్రం తియ్యలేదు. ఈ తలుపు మీద కాగితం ఉంది, ఆ కాగితం మీద కేసు నంబరు ఉంది, ఎండలో తిరిగినవాడు వచ్చి నాకు ముట్టిందని చెబితే అప్పుడు సంతకం పెడతానన్నాడు. బావమరిది గారి వకీలు కూడా ఆ గుర్తింపు పత్రాన్ని చదివాడు. లీన్ తీసేసినట్టు బ్రోకరు రాసిస్తే తప్ప ముందుకు వెళ్ళొద్దన్నాడు. బావమరిది గారి విమానం ఇరవై తొమ్మిది రాత్రికి.

"నసీర్ భాయ్‌ని పిలు. పెద్ద శాలువా తెచ్చిన, పట్టుది" అన్నారు.

ఇరవై తొమ్మిది మధ్యాహ్నం ముగ్గురం నా టేబుల్ చుట్టూ కూర్చున్నాం. విడుదల కాగితం టైపు చేసి పెట్టాను. నసీరుద్దీన్ కలం పట్టుకున్నాడు కానీ మూత తియ్యలేదు.

"డబ్బులు ముందు సార్."

"నేను ఇయ్యనంటలేను నసీర్ భాయ్. కానీ బ్రోకర్లను రద్దు చేసినంక కమీషన్ ఎట్ల ఇస్త? మంత్రి గారు మెచ్చుకున్న సిద్ధాంతం అది. రేపు పేపర్ల ఏమని పడతది?"

"పేపర్లో ఏమన్నా పడనీ సార్. నాకు రేపు విమానముండాది."

"జెర ఆగు, ఆలోచన చేద్దాం."

"మీ ఆలోచనలకే ఐదు శాలువాలు కప్పించుకున్నా సార్" అని నసీరుద్దీన్ కలం జేబులో పెట్టుకున్నాడు. లేచి నిలబడ్డాడు. తలుపు దాకా నడిచాడు. తొమ్మిది వందలు వదులుకుని వెళ్ళిపోవడానికి సిద్ధపడ్డ మనిషిని గణపతి గారు జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టున్నారు.

ఆ సంకట సమయంలో ఆయన మేధస్సు ఎలా పనిచేసిందో పాఠకులు గమనించాలి. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని తెరిచారు. "రాయి రైటర్ సాబ్. ప్రవాసీ రత్న పురస్కారం. నగదు బహుమతి తొమ్మిది వందల రియాళ్ళు" అన్నారు.

అలా సిద్ధాంతం బతికింది. నోట్లు టేబుల్ మీదికి వచ్చాయి. నసీరుద్దీన్ సంతకం చేశాడు. పట్టు శాలువా ఆరోది. ఫోటోకు నవ్వమంటే నవ్వలేక కళ్ళు తుడుచుకున్నాడు. "పురస్కారం అందుకుని ఆనందబాష్పాలు రాలుస్తున్న ప్రవాసీ రత్న" అని మర్నాడు మన పత్రికలో పడింది. అతను వాకిట్లోకి వెళ్ళి కడపకు ఫోన్ చేశాడు. "సఫూరా, షాపు చూపిస్తా రా" అనడం వరకు వినిపించింది.

అతను వెళ్ళాక గణపతి గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"ఇంకో కాయితం కొట్టాలె. బావమరిది గారికి షాపు చూపెట్టింది నేనే గద, అర్బాబ్‌తోని మాట్లాడింది నేనే. దానికి నాకు రెండు వేల ఐదు వందలు ఇస్తా అన్నడు."

"కమీషనా సార్?"

"ఛ. కమీషన్ అన్న మాటే రావొద్దు. సమన్వయ గౌరవ వేతనం అని పెట్టు. కాయితం మాత్రం గదే ఫారం, గన్నే పేజీలు." గొంతు తగ్గించారు. "గా పద్నాలుగోది మర్చిపోకు. పెద్దోళ్ళు, యాదిమరుస్తరు."

టైపు చేశాను. హమ్రియా కౌంటీలో అది రెండో దస్తావేజు.

సూపర్ మార్కెట్ జూలైలో తెరిచారు. గంగన్నకు మూడు నెలల జీతంలో ఒక నెలది వచ్చింది. నసీరుద్దీన్ కడప నుంచి ఫోటో పంపాడు. చిన్న గది, పైన సఫూరా పేరుతో పచ్చ బోర్డు. లోపల కస్టమర్లు కూర్చునే బెంచీకి జరీ అంచుల కవర్లు వేసి ఉన్నాయి. ఎక్కడో చూసిన అంచులే. "పట్టుది మాత్రం ఆమె కత్తిరించనీలేదప్పా, దాచుకునింది" అని కింద రాశాడు.

నిన్న మధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా లేని ఎండలో, గణపతి గారు నడుచుకుంటూ మా సెంటర్‌కు వచ్చారు. వెంట ఫోటోగ్రాఫరు లేడు. టేబుల్ మీద ఆ రోజు పత్రిక గల్ఫ్ పేజీ తెరిచి ఉంది. ప్రవాసులపై భారంగా మారిన అన్ని రకాల గౌరవ వేతనాలనూ రద్దు చేయిస్తామని, పాతవాటికి కూడా ఇది వర్తిస్తుందని మంత్రి గారు హైదరాబాద్‌లో ప్రకటించారు. గణపతి గారు ఆ పేజీని చూసి, మడిచి, నా వైపు నెట్టారు. ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నారు. మెడ మీద చెమట కారుతున్నా బావమరిది గారు కప్పిన కొత్త శాలువా భుజం మీద నుంచి తియ్యలేదు.

"రైటర్ సాబ్, తలుపు మీద అంటిస్తరు గద, గా నోటీసుకు ఎంతయితది?" అన్నారు.

చెప్పాను. ఆయన సంచిలో నుంచి పన్నెండు పేజీల అగ్రిమెంటు తీసి, తొమ్మిదో పేజీ నా ముందు పెట్టారు.

"గా పద్నాలుగో క్లాజు జెర చదివి చెప్పు."

చదవడం వేరే ఛార్జి అని చెప్పాను.